నెవాడా దారిలో నీళ్ల లెక్క

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తూర్పుకు సైకిలు తొక్కేవాళ్లకు కాలిఫోర్నియాలో ఉన్నంతసేపూ నీళ్ల గురించి పెద్దగా ఆలోచించే పని ఉండదు. సియెర్రా నెవాడా కొండలు ఎక్కి దిగి, నెవాడా రాష్ట్రంలో ఫాలన్ అనే చిన్న పట్నం దాటాక లెక్క మొదలవుతుంది. అక్కణ్నుంచి ఆస్టిన్ 110 మైళ్లు. ఆస్టిన్ నుంచి యురేకా 70. యురేకా నుంచి ఈలీ 77. ఈలీ దాటితే అరవై పైచిలుకు మైళ్లకు బేకర్. ఆ తర్వాత యూటా రాష్ట్రంలోని మిల్ఫర్డ్ చేరేదాకా, అంటే మరో ఎనభై పైచిలుకు మైళ్లు, కొళాయి అన్నది కనపడదు. లీటరు నీళ్లు కిలో బరువు. ఎనిమిది లీటర్లు కావాలనుకున్న మనిషి ఎనిమిది కిలోలు సైకిలుకు కట్టుకుని ఏడు వేల అడుగుల కనుమలు ఎక్కాలి. టైర్ల గురించీ గేర్ల గురించీ నెలల తరబడి వాదించుకున్నవాళ్లు కూడా ఫాలన్‌లో సీసాలు లెక్కపెట్టుకుంటారు.

తమాషా ఏమిటంటే, 1860లో ఈ చుట్టుపక్కలే పది పదిహేను మైళ్లకో మజిలీ ఉండేది. అప్పుడు రోడ్డు లేదు, గుర్రాల బాట ఉంది. ఇప్పుడు చక్కటి తారురోడ్డు ఉంది, మజిలీలు లేవు. ఈ నూట అరవై ఏళ్లలో ఎవరెవరో తమ అవసరం కొద్దీ నీళ్ల దగ్గర ఆగే చోట్లు కట్టారు, అవసరం తీరగానే వదిలేసి పోయారు. టపా గుర్రాల వాళ్లు, రైలు కంపెనీలు, వెండి గనుల వాళ్లు, మోటారు కార్ల వాళ్లు. సైకిలు కోసమని ఎవరూ ఏదీ కట్టలేదు. కాబట్టి ఈ ఎత్తయిన ఎడారిలో సైకిలు ప్రయాణాల చరిత్ర చెప్పాలంటే ముందు సైకిళ్లు పుట్టకముందు సంగతి చెప్పుకోవాలి.

ఎడారి అనగానే రాజస్థాన్ ఇసుక తిన్నెలు గుర్తొస్తే ఈ దేశం అర్థం కాదు. ఇక్కడ లోయల అడుగు భాగాలే నాలుగు వేల నుంచి ఆరు వేల అడుగుల ఎత్తున ఉంటాయి. పసిఫిక్ నుంచి వచ్చే మబ్బుల్ని సియెర్రా నెవాడా కొండలు తమ పడమటి వైపే పిండేసుకుంటాయి. అవతలికి వచ్చేది పొడి గాలి. గ్రేట్ బేసిన్ అనే ఈ ప్రాంతంలో పడ్డ చినుకు ఏ సముద్రానికీ పోదు. వాగులు కొంత దూరం పారి నేలలో ఇంకిపోతాయి, లేదా చవిటి పర్రల్లో ఆవిరైపోతాయి. పైగా కొండల వరసలన్నీ ఉత్తర దక్షిణాలుగా ఉన్నాయి. తూర్పు పడమరలుగా పోయే బాట ప్రతి వరసనీ ఎక్కి దిగాల్సిందే. ఒక కనుమ, ఒక పాతిక మైళ్ల లోయ, మళ్లీ ఒక కనుమ. మంచి నీళ్లు దొరికేది కొండల పాదాల దగ్గర, మంచు కరిగి ఊరే ఊటల్లో.

ఆ ఊటలు ఎక్కడెక్కడున్నాయో పైయూట్, షోషోన్, గోషూట్ ప్రజలకు తెలుసు. కొద్దిమంది చొప్పున జట్లుగా విడిపోయి, కాలాన్ని బట్టి ఊట నుంచి ఊటకి కదులుతూ, పిన్యన్ పైన్ చెట్ల గింజలు ఏరుకుని దాచుకుంటూ వాళ్లు ఈ నేల మీద బతికారు. 1859లో అమెరికా సైన్యపు సర్వేయరు కెప్టెన్ జేమ్స్ సింప్సన్ యూటాలోని క్యాంప్ ఫ్లాయిడ్ నుంచి పడమట జెనోవా దాకా బండ్ల దారి కొలిచినప్పుడు ఆయన వెతికింది కూడా ఆ ఊటల కోసమే. దారి తిన్నగా పోవడానికి వీల్లేదు, నీరున్న చోటల్లా తాకుతూ పోవాలి. కొండల మధ్య సందు ఒకదానికి ఆయన పెట్టిన మిడిల్‌గేట్ అనే పేరు ఇప్పటికీ సైకిలు పటాల మీద ఉంది.

మరుసటి ఏడాది, 1860 ఏప్రిల్ 3న, ఆ దారిలో అంచె టపా మొదలైంది. పోనీ ఎక్స్‌ప్రెస్ అని సినిమాల్లో ఎంతో హంగు చేశారుగానీ, దాని అసలు బలం రౌతుల్లో కన్నా దాని మజిలీల్లో ఉంది. మిస్సోరీలోని సెయింట్ జోసెఫ్ నుంచి కాలిఫోర్నియాలోని శాక్రమెంటో దాకా దాదాపు 1,900 మైళ్లు. పది పదిహేను మైళ్లకో స్టేషను, అక్కడ మారుగుర్రం, నీళ్లు, గడ్డి. ఉత్తరం సుమారు పది రోజుల్లో చేరేది. గుర్రం ఒక్క పరుగులో ఎంత దూరం పోగలదో అదే రెండు స్టేషన్ల మధ్య ఎడం.

స్టేషను కట్టాలంటే ఊట కావాలి. ఊట కావాలంటే అక్కడున్నవాళ్లని తోసేయాలి. 1860 మే నెలలో పైయూట్లకీ తెల్లవాళ్లకీ మధ్య పిరమిడ్ లేక్ దగ్గర యుద్ధం జరిగింది. ఆ గొడవల్లో నెవాడా బాట మీద చాలా స్టేషన్లు తగలబడ్డాయి, టపా కొన్ని వారాలు ఆగింది. 1863లో పశ్చిమ షోషోన్లతో రూబీ వ్యాలీ ఒప్పందం రాసుకున్నారు. దారులకీ స్టేషన్లకీ గనులకీ అనుమతి ఇచ్చిన ఆ కాగితంలో భూమి అప్పగిస్తున్నట్టు షోషోన్లు ఎక్కడా ఒప్పుకోలేదు. ఆ తగాదా ఇరవయ్యో శతాబ్దంలో సుప్రీంకోర్టు దాకా పోయింది. నెవాడా ఒంటరి దారుల అందం గురించి రాసేవాళ్లు ఈ అధ్యాయాన్ని తరచు దాటేస్తారు.

టపా మజిలీలు ఎలా ఉండేవో చూసి రాసినవాడు రిచర్డ్ బర్టన్. మారువేషంలో మక్కా వెళ్లొచ్చిన ఇంగ్లిషువాడు, ఈయనే. 1860లో ఆయన గుర్రపు బండిలో ఈ దారిన వచ్చాడు. స్టేషన్ల మీద ఆయనకు మంచి అభిప్రాయం లేదు. కోల్డ్ స్ప్రింగ్స్ అనే చోట ఇల్లు సగమే కట్టి ఉంది, పైకప్పు లేదు. శాండ్ స్ప్రింగ్స్ మురికి చూసి ఆయనకు రోత పుట్టింది. అయినా తన పుస్తకం చివర ఆయన ఒక పట్టిక చేర్చాడు. ఏ మజిలీ నుంచి ఏ మజిలీకి ఎన్ని మైళ్లు, నీళ్లు దొరుకుతాయా, గడ్డి ఉందా, కట్టెలున్నాయా. కాశీయాత్రలో ఏనుగుల వీరాస్వామి ముప్ఫై ఏళ్ల ముందు మజిలీ మజిలీకీ దూరాలూ వసతులూ దినచర్యలో రాసుకున్నది చదివిన తెలుగువాళ్లకు ఆ పట్టిక కొత్తగా అనిపించదు. నడిచేవాడికైనా, పల్లకీలో పోయేవాడికైనా, సైకిలు తొక్కేవాడికైనా కావలసిన సమాచారం ఒక్కటే.

1861 అక్టోబరు 24న ఖండం ఆ చివర నుంచి ఈ చివరకి టెలిగ్రాఫు తీగ కలిసింది. అంచె టపా పద్దెనిమిది నెలలకే మూతపడింది. గుర్రపు బళ్లు ఇంకొన్నేళ్లు నడిచాయి. 1869 మే 10న యూటాలోని ప్రోమాంటరీ దగ్గర రైలు పట్టాలు కలిశాక వాటికీ పని లేకుండా పోయింది. పట్టాలు ఈ టపా దారిలో పడలేదు. ఉత్తరాన హంబోల్ట్ నది వెంట పడ్డాయి. ఆవిరి ఇంజను గుర్రం కన్నా ఎక్కువ నీళ్లు తాగుతుంది, దానికి నది పక్కన ఉండటమే క్షేమం. సెంట్రల్ పసిఫిక్ కంపెనీ కోసం ఆ పట్టాలు పరిచింది ముఖ్యంగా చైనా కూలీలు. పట్టాల వెంట నీళ్ల తొట్లు, చిన్న స్టేషన్లు, గ్యాంగ్‌మెన్ ఉండే ఇళ్లు వచ్చాయి. దక్షిణాన ఊటల దగ్గర స్టేషన్లు ఇసుకలో కూరుకుపోయాయి.

సైకిలు రంగంలోకి వచ్చింది సరిగ్గా ఈ దశలో.

థామస్ స్టీవెన్స్ అనే ఇంగ్లండు కుర్రాడు, వయసు ఇరవై తొమ్మిది, 1884 ఏప్రిల్ 22 పొద్దున శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డు నుంచి బయలుదేరాడు. అతని బండి యాభై అంగుళాల ముందు చక్రం, వెనక బుల్లి చక్రం ఉన్న కొలంబియా సైకిలు. గట్టి రబ్బరు టైర్లు, గాలి టైర్లు రావడానికి ఇంకా నాలుగేళ్లుంది. సామాను చూస్తే నవ్వొస్తుంది: మేజోళ్లు, ఒక మారు చొక్కా, డేరాగానూ పక్కగానూ పనికొచ్చే వానకోటు, ఒక చిన్న రివాల్వరు. నీళ్ల సంగతేమిటి అంటే జవాబు రైలు పట్టాలు. అతను హంబోల్ట్ నదినీ పట్టాలనీ వదలకుండా పోయాడు. కొండల మీద మంచు పడకుండా పట్టాలకు కట్టిన చెక్క సొరంగాల్లోంచి సైకిలు నడిపించుకుంటూ, రైలు వస్తే గోడకి అతుక్కుపోతూ సియెర్రా దాటాడు. ఎడారిలో గ్యాంగ్‌మెన్ ఇళ్లే అతని సత్రాలు.

ఆ దారిలో అందరూ భయపడే చోటు ఒకటుంది. హంబోల్ట్ నది ఇంకిపోయే పల్లానికీ ట్రకీ నదికీ మధ్య నలభై మైళ్ల ఎడారి. 1840లు, 50లలో కాలిఫోర్నియా బంగారం కోసం పోయిన కుటుంబాలు ఎద్దుల్నీ బళ్లనీ అక్కడ పోగొట్టుకున్నాయి. పగటి ఎండకు ఆగలేక రాత్రిపూట దాటేవాళ్లు. స్టీవెన్స్ నాటికి దాని మధ్యలోంచి రైలు పోతోంది కాబట్టి ప్రాణభయం తగ్గింది. ఇసుక మాత్రం అలాగే ఉంది. సన్నటి టైరు ఇసుకలో దిగిపోతుంది, స్లీపర్ల మీద ఎముకలు కదిలిపోతాయి. ఎండి బిగిసిన చవిటి నేల ఒక్కటే సైకిలుకి అనువైనది, అదీ వాన పడనంతవరకే. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బోస్టన్ దాకా సుమారు 3,700 మైళ్లలో మూడో వంతు పైగా అతను నడిచాడు. ఆగస్టు 4న చేరాడు. తర్వాత భూగోళమే చుట్టాడు. 1886లో లాహోరు నుంచి కలకత్తాకు గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద తొక్కాడు. నెవాడాలో స్లీపర్ల మీద గంతులేసినవాడికి చెట్లూ బంగళాలూ ఉన్న ఆ రాళ్ల రోడ్డు ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

1887లో న్యూయార్క్ రాష్ట్రంలోని హెర్కిమర్ నుంచి జార్జ్ నెల్లిస్ ఎదురు దిశలో సుమారు 80 రోజుల్లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. అతనిదీ పట్టాల దారే. మార్గరెట్ లెలాంగ్ కథ మరీ ముచ్చటైనది. 1896లో ఆవిడ షికాగో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఒంటరిగా వచ్చింది, అప్పటికి వచ్చిన గాలి టైర్ల సైకిలు మీద, గౌను వేసుకునే. స్నేహితులూ బంధువులూ ఎంత వద్దన్నా వినలేదు. హ్యాండిలుకి కట్టిన చిన్న మూటలో మారు లోదుస్తులు, ముఖం కడుక్కునే సామాను, ఒక రుమాలు. పనిముట్ల సంచిలో అరువు తెచ్చుకున్న పిస్తోలు. ఆ పిస్తోలు మనుషుల మీద వాడాల్సిన పని పడలేదు. దారికి అడ్డం నిలబడ్డ ఆవుల మందని బెదరగొట్టడానికి మాత్రం పేల్చింది. తన ప్రయాణం గురించి ఆవిడ 1898లో ‘ఔటింగ్’ పత్రికలో రాసింది. ఇవాళ ఇంత తేలిక సామానుతో పోతామని గొప్పలు చెప్పుకునే సైకిలువాళ్లు ఆవిడ మూటను ఒకసారి తలచుకోవాలి. అయితే ఆవిడకు ఆ తేలికతనాన్ని ఇచ్చింది రైలు కంపెనీ. రాత్రికి ఎక్కడో ఒక స్టేషను తగులుతుందన్న ధీమా లేకుంటే అంత చిన్న మూట కుదరదు.

పథకం వేసి, మజిలీలు తామే ఏర్పాటు చేసుకుని బయలుదేరిన మొదటి పెద్ద జట్టు బహుశా సైనికులదే. 1897 జూన్ 14న మొంటానాలోని ఫోర్ట్ మిసూలా నుంచి లెఫ్టినెంట్ జేమ్స్ మాస్, 25వ పదాతి దళానికి చెందిన ఇరవై మంది నల్లజాతి సైనికులతో సెయింట్ లూయిస్‌కి సైకిళ్ల మీద బయలుదేరాడు. వెంట ఒక డాక్టరు, ఒక విలేకరి. 1,900 మైళ్లు. సుమారు వంద మైళ్లకో చోటికి ముందే రైల్లో తిండి సామాను పంపించారు. ఒక్కొక్కరు రెండు రోజుల తిండి మోసుకుపోవాలి. కాగితం మీద లెక్క చక్కగా కుదిరింది. నీళ్లే కుదరలేదు. మొంటానా, వయోమింగ్ పొడి నేలలు దాటి నెబ్రాస్కా ఇసుక కొండలు చేరేసరికి దొరికినవి చవుడు నీళ్లు, అవి తాగి మనుషులు జబ్బుపడ్డారు. ఇసుకలో తొక్కలేక వాళ్లూ పట్టాల మీదికే ఎక్కారు. జూలై 24న సెయింట్ లూయిస్ చేరినప్పుడు జనం వేలల్లో వచ్చి స్వాగతం చెప్పారు. సైన్యం మాత్రం వాళ్లని తిరుగు రైలెక్కించి ఇంటికి పంపింది, సైకిలు దళం అక్కడితో ముగిసింది.

అప్పటికి తూర్పు పట్టణాల్లో సైకిలు సంఘాలు మంచి రోడ్ల కోసం పెద్ద గొడవే చేస్తున్నాయి. 1880లో పుట్టిన లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ పత్రికలు నడిపింది, రాష్ట్రాల వారీగా దారి పుస్తకాలు అచ్చేసింది. అడిగింది సైకిలువాళ్లు, అనుభవించింది కార్లవాళ్లు. 1913లో న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి 3,389 మైళ్ల లింకన్ హైవే ప్రకటించారు. నెవాడాలో అది రైలు దారిని వదిలి మళ్లీ పాత టపా దారి వైపుకు వచ్చింది: ఈలీ, యురేకా, ఆస్టిన్, ఫాలన్. ఎందుకంటే ఆ మధ్యకాలంలో అక్కడ ఊళ్లు వెలిశాయి. 1862లో ఆస్టిన్ దగ్గర వెండి దొరికింది. కనిపెట్టినవాడు మునుపు అంచె టపాలో పనిచేసినవాడే. 1864లో యురేకాలో వెండి, సీసం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈలీ దగ్గర రాగి. వెండి అయిపోతున్నా ఊళ్లు కొన ఊపిరితో ఉన్నాయి, వాటికి కార్లు కొత్త ఆయుష్షు పోశాయి.

లింకన్ హైవే సంఘం వేసిన దారి పుస్తకాలు చదివితే బర్టన్ పట్టికే మోటారు భాషలోకి మారినట్టు ఉంటుంది. ఎక్కడ పెట్రోలు, ఎక్కడ మరమ్మతు, ఎక్కడ పడక, ఎక్కడ నీళ్లు. పడమటికి పోయేవాళ్లు తాగునీళ్లు, పార, తాడు దగ్గర పెట్టుకోవాలి. 1919లో వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి పోయిన సైనిక లారీల వరస యూటా ఉప్పు ఎడారిలో దిగబడిపోయింది. మొత్తం ప్రయాణానికి 62 రోజులు పట్టింది. ఆ జట్టులో ఉన్న యువ అధికారి డ్వైట్ ఐజన్‌హోవర్ 1956లో అధ్యక్షుడిగా అంతర్రాష్ట్ర రహదారుల చట్టం మీద సంతకం చేశాడు. అలా వచ్చిన నాలుగు వరసల ఐ-80 రోడ్డు మళ్లీ హంబోల్ట్ నది వెంటే, పట్టాల పక్కనే పోయింది. లారీలూ బస్సులూ అటు మళ్లాయి. లింకన్ హైవే వారసురాలు యూఎస్ 50 ఖాళీ అయింది. కార్లలో పెట్రోలు ట్యాంకులు పెద్దవయ్యాయి, రేడియేటర్లు మరగడం మానేశాయి, ప్రతి ముప్ఫై మైళ్లకీ ఆగాల్సిన అవసరం పోయింది. దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1986లో ‘లైఫ్’ పత్రిక ఈ రోడ్డుని అమెరికాలోకెల్లా ఒంటరి రోడ్డని వెక్కిరింపుగా రాసింది. నెవాడా పర్యాటక శాఖ ఏమాత్రం నొచ్చుకోకుండా ఆ మాటనే బోర్డుల మీద రాయించుకుంది. ఊరూరా ముద్ర వేయించుకునే చిట్టిపుస్తకం అచ్చేసి పంచింది.

ఈలోగా సైకిలువాళ్లు తమ దారి పటాలు తామే గీసుకోవడం మొదలుపెట్టారు. 1976లో అమెరికా స్వాతంత్ర్యానికి రెండు వందల ఏళ్లు నిండిన సందర్భంలో గ్రెగ్, జూన్ సిపుల్ దంపతులు, డాన్, లిస్ బర్డెన్ దంపతులు కలిసి బైక్‌సెంటెనియల్ అనే సైకిలు యాత్ర నడిపించారు. ఓరెగాన్ నుంచి వర్జీనియా దాకా సుమారు 4,250 మైళ్లు, నాలుగు వేల మంది పైగా పాల్గొన్నారు, దాదాపు సగం మంది ఈ చివర నుంచి ఆ చివర దాకా తొక్కారు. దాని కార్యాలయం, కాకతాళీయమే గానీ, మాస్ జట్టు బయలుదేరిన మిసూలాలోనే. పటాలు గీయడానికి చూసుకున్నవి వాహనాల రద్దీ, నీళ్లు, తిండి, రాత్రి పడుకోవడానికి ఒక బడి వరండా లేదా చర్చి నేలమాళిగ. ఆ దారి నెవాడాని తప్పించి ఓరెగాన్ ఎత్తయిన ఎడారి మీదుగా, వయోమింగ్ మీదుగా పోయింది.

వయోమింగ్‌లో పొడి మైదానాల నడుమ వాళ్లకు దొరికిన మంచి మజిలీ జెఫ్రీ సిటీ. 1976లో అది యురేనియం గనుల ఊరు. కొత్త ఇళ్లు, దుకాణాలు, బడి. కొద్ది ఏళ్లకే యురేనియం గిరాకీ పడిపోయింది, గనులు మూశారు, వేల మంది ఉన్న ఊరు 1980ల నడుమకి దాదాపు ఖాళీ అయింది. పటం మీద చుక్క అలాగే ఉంది, చుక్క వెనకాల ఉండాల్సిన దుకాణం లేదు. అందుకే ఆ యాత్ర నడిపిన సంస్థ, ఇప్పటి పేరు అడ్వెంచర్ సైక్లింగ్, పటాలను ఎప్పటికప్పుడు సవరిస్తూ ఉంటుంది. ఫలానా ఊళ్లో అంగడి పోయింది, ఫలానా చోట కొళాయి మూశారు. నెవాడా మధ్య దారిని కూడా ఆ సంస్థే తర్వాత వెస్టర్న్ ఎక్స్‌ప్రెస్ పేరుతో పటాల్లోకి ఎక్కించింది.

ఇప్పుడు ఆ దారికి పథకం వేసుకునేవాళ్లు ముందు కాలం చూసుకుంటారు. మే దాకా కనుమల్లో మంచు పడొచ్చు, జూలైలో ఫాలన్ చుట్టుపక్కల నిప్పులు చెరుగుతుంది, ఎండాకాలం చివర కార్చిచ్చు పొగ. జూన్ మొదలు, లేదా సెప్టెంబరు. గాలి ఎక్కువగా పడమట నుంచి కొడుతుంది కాబట్టి తూర్పుకు తొక్కడమే తెలివి. తర్వాత కనుమలు: ఆస్టిన్ పైన 7,484 అడుగులు, ఈలీ దాటాక కానర్స్ పాస్ 7,700 పైన. ఆ పైన పల్లేరు. అవును, మన మెట్ట చేల గట్ల మీద కాళ్లలో గుచ్చుకునే పల్లేరుకాయే. మధ్యధరా ప్రాంతం నుంచి అమెరికా చేరి రోడ్ల అంచులన్నీ ఆక్రమించింది. టైరు కింద పడితే ట్యూబు పోయినట్టే. డేరా వేసుకోవడానికి రోడ్డు దిగే ముందు నేల చూసుకోవడం ఆ దారి సైకిలువాళ్లకు అలవాటు.

ఫాలన్, ఆస్టిన్‌ల మధ్య రోడ్డు పక్కన శాండ్ మౌంటెన్ అనే పెద్ద ఇసుక దిబ్బ ఉంది. దాని దగ్గర బర్టన్ ఈసడించుకున్న శాండ్ స్ప్రింగ్స్ స్టేషను గోడలు 1970లలో పురావస్తు పరిశోధకులు తవ్వితే బయటపడ్డాయి. మిడిల్‌గేట్‌లో, సింప్సన్ పేరు పెట్టిన చోట, బారూ భోజనశాలా కలిసిన ఒక ఇల్లు ఉంది. ఫాలన్ నుంచి నలభై ఏడు మైళ్లు. టపా స్టేషన్లకు నాలుగు రెట్ల ఎడం. చాలామంది అక్కడ రాత్రికి ఆగి మర్నాడు ఆస్టిన్ చేరతారు. బయలుదేరే ముందు ఫోను చేసి తెరిచి ఉందో లేదో కనుక్కోవడం మంచిది. బేకర్ తర్వాత అలాంటి ఇల్లు కూడా లేదు. మూడు కనుమలు, ఎనభై పైచిలుకు మైళ్లు, సీసాల్లో ఉన్నదే నీరు. అవతల వచ్చే మిల్ఫర్డ్ రైలు వల్ల పెరిగిన ఊరు. అక్కడ యూనియన్ పసిఫిక్ గూడ్సు బళ్లు ఇప్పటికీ ఆగుతాయి, కాబట్టి అంగడీ హోటలూ ఉన్నాయి.